ఆవక్ - జావక్

ప్రభుత్వం అంటే ఏమిటన్న ప్రశ్నకు గ్రంథాలు చాలా సమాధానాలు చెబుతాయి. అది పాలకవర్గం చేతిలోని యంత్రమని మనం చదువుకున్నాం, ఇతరులకు చెప్పాం. ఆ మాట నేను కాదనను. కాని ముప్పై అయిదేళ్లు వరంగల్‌లో ప్రభుత్వ గుమాస్తాగా బతికినవాణ్ణి గనుక, ఆ యంత్రం అనగానే నా కళ్ళముందు మొదట కనిపించేది ఒక బల్ల. గుమ్మం పక్కన, వరండాలోని జనం చెయ్యి చాస్తే అందేచోట వేసిన బల్ల. దాని మీద రెండు లావుపాటి రిజిస్టర్లు, ఒక తేదీ ముద్ర, ఊదారంగు సిరా మెత్త, ఒక గోందు సీసా. లోపలికి వచ్చే కాగితాన్ని ఎక్కించే పుస్తకం ఆవక్. బయటికి పోయే కాగితాన్ని ఎక్కించే పుస్తకం జావక్. ఇవి నిజాం కాలం నుంచి మాకు మిగిలిన మాటలు. కోస్తా జిల్లాల వారు తపాలు అనేవారు. ఇంగ్లీషు మీద మోజున్నవారు ఇన్‌వర్డు, అవుట్‌వర్డు అనేవారు. పేరేదైనా రాజ్యానికి చెవీ నోరూ ఆ బల్ల దగ్గరే వుంటాయి. 1981 నుంచి ఆరేళ్లపాటు నేను అక్కడ కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నదీ, అక్కడ చేసిన తప్పూ చెప్పడానికే ఈ వ్యాసం.

పని పైకి చాలా చిన్నది. పొద్దున బంట్రోతు తపాలా సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరిస్తాడు. రహస్యమని రాసినవీ, అధికారి పేరుమీద వచ్చినవీ విప్పకుండా లోపలికి పోతాయి. మిగిలినవి విప్పి, జతపరచిన కాగితాలు లెక్క చూసుకుని, ప్రతిదాని మీదా తేదీ ముద్ర కొట్టాలి. తర్వాత వరుస నంబరు. ఎవరినుంచి వచ్చింది, ఏ తేదీది, ఏ విషయం, ఏ సెక్షనుకు పోవాలి, అన్నీ ఒక్క వరసలో రాయాలి. సెక్షను గుమాస్తా సంతకం పెట్టి తీసుకుని తన సొంత రిజిస్టరులో ఎక్కించుకుంటాడు. జవాబు తయారై, శుభ్రప్రతి రాసి, సరిచూసి, సంతకమైన తర్వాత కాగితం మళ్ళీ నా బల్లకే వస్తుంది. జావక్‌లో నంబరు వేసి, ఊళ్ళోదైతే బట్వాడా పుస్తకంతో బంట్రోతు చేతికివ్వాలి. బయటిదైతే కవరు మీద సర్వీసు స్టాంపు అంటించి, ఆ స్టాంపుకు పైసలతో సహా ఖాతా రాసి, పోస్టులో వేయించాలి. మద్రాసు రాజధానిలో టాటెన్‌హామ్ అనే ఐ.సి.ఎస్. అధికారి పేరుమీద స్థిరపడిన పద్ధతి ఇది. 1956లో రాష్ట్రాలు కలిసిన తర్వాత మన జిల్లాలకూ వచ్చింది. దాని మూలసూత్రం ఒక్కటే: కార్యాలయంలోకి వచ్చిన ఏ కాగితమూ దారి తప్పకూడదు, అది ఏ రోజున ఎవరి చేతిలో వున్నదీ ఎప్పుడడిగినా చెప్పగలగాలి.

సూత్రం మంచిదే. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆవక్ పుస్తకంలో వున్నంత సమానత్వం మన సమాజంలో మరెక్కడా నాకు కనిపించలేదు. సచివాలయం నుంచి వచ్చిన ఉత్తరువు 412 అయితే, తండా నుంచి నడిచివచ్చిన లంబాడీ ఆడమనిషి అర్జీ 413. ఇద్దరికీ ఒకే వెడల్పు వరస, ఒకే సిరా. పై వరస వాడు పెద్దవాడని కింది వరస ఇరుకుగా గీయడం వుండదు. కాని ఆ సమానత్వం ఆ పుట దాటేవరకే. సెక్షనుకు చేరగానే 412కు ఎర్ర చీటీ అంటుతుంది, 413 కట్ట అడుగుకు పోతుంది. అందుకే కాబోలు, మొదట్లో నాకు ఆ పుస్తకమంటే ఒక విధమైన గౌరవం వుండేది. నా చేతిలో వున్నంతసేపు ఎవరికీ అన్యాయం జరగదని అనుకునేవాణ్ణి. అది నా భ్రమ అని తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఈ బల్లకు చరిత్ర వుంది. ఆసఫ్‌జాహీల రాజ్యంలో 1884 వరకు రాజభాష పారశీకం, ఆ తర్వాత ఉర్దూ. వరంగల్ సుబా పల్లెల్లో జనం మాట్లాడేది తెలుగు. అంటే రైతు తన కష్టం తన మాటల్లో చెప్పుకుంటే అది కచ్చేరీ చెవికి చేరేది కాదు. నడుమ అర్జీలు రాసేవాడు కావాలి. రైతు చెప్పిందానికీ వాడు రాసిందానికీ మధ్య ఎంత తేడా వుందో ఆ రైతుకు తెలిసే వీల్లేదు. తేదీ కూడా ఆయనది కాదు. రైతుకు చైత్రం, వైశాఖం. కచ్చేరీకి ఫసలీ సంవత్సరం, ఆజూర్, దై, బహమన్ నెలలు. చివరకు ఉత్తరం మోసే తపాలా కూడా సర్కారు సొంతమే. నిజాం తపాలా 1950లో గాని భారత తపాలాలో కలవలేదు. భాష, తేదీ, తపాలా మూడూ పాలకుడివే అయినచోట అర్జీదారుడికి మిగిలేది వేలిముద్ర ఒక్కటే. 1946 నుంచి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటంలో గడీల మీదికి పోయిన జనం అప్పుపత్రాలనూ దస్తావేజులనూ తగలబెట్టడం అక్షరజ్ఞానం లేనివాళ్ళ అజ్ఞానమని కొందరు రాశారు. నేననేది అది కాదు. కాగితం ఎవరి ఆయుధమో ఆ జనానికి బాగా తెలుసు. తెలిసే తగలబెట్టారు.

పైనుంచి కిందికి దిగిన కాగితాల నంబర్లు మన ప్రజలకు కంఠతా వచ్చును. ఇది గమనించదగ్గ విషయం. నిజాం కాలంలో ముందస్తు అనుమతి లేకుండా సభలు జరపరాదని కట్టడి చేసిన ఉత్తరువును జనం గస్తీ నిషాన్ 53 అనే పిలిచారు. గస్తీ అంటే సర్క్యులరు, నిషాన్ అంటే నంబరు. ఒక జావక్ నంబరు నిర్బంధానికి పేరైపోయింది. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో బడికి పోని కోయ పెద్దమనిషి కూడా 1970 నాటి భూబదలాయింపు రెగ్యులేషనును వన్ ఆఫ్ సెవెంటీ అంటాడు, ఎందుకంటే ఆయన భూమి ఆ అంకె మీదే నిలబడి వుంది. 1985 డిసెంబరు 30న వెలువడిన 610 జీవో సంగతి వరంగల్ విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు. స్థానికేతరుల నియామకాలను 1986 మార్చి 31లోగా సరిదిద్దాలని చెప్పిన ఆ ఉత్తరువు జావక్‌లో నంబరు పడి బయటికి వచ్చింది. అమలు మాత్రం కాలేదు. 2001లో దాని మీద ఏకసభ్య సంఘాన్ని వేయవలసి వచ్చింది. జావక్‌లో ఎక్కినంత మాత్రాన కాగితం గమ్యం చేరినట్టు కాదని దీనికంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

పైనుంచి వచ్చే నంబర్లు ఇలా జనం నోళ్ళలో నానుతాయి. మరి కిందినుంచి పైకి పోయిన కాగితం నంబరు ఎవరికి గుర్తుంటుంది? అది గుర్తుంచుకోవలసినవాడు ఒక్కడే. అసలా నంబరు ఆయనకు ఇచ్చామా అన్నదే ప్రశ్న. ఇక్కడే నా తప్పు చెప్పాలి.

1985లో ఒక నెలాఖరు సాయంత్రం. కార్యాలయం పేరుతో పనిలేదు. ఒక ముసలాయన వచ్చాడు. ఆయన తండ్రి రక్షిత కౌలుదారు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టంలోని 38-ఇ సెక్షను 1973 జనవరి 1 నుంచి మా ప్రాంతంలో అమలుకు వచ్చిన తర్వాత, ఆ కౌలుభూమికి తమకు హక్కుపత్రం రావాలని ఆయన తిరుగుతున్నాడు. కింది కార్యాలయంలో కాదన్నారు. దాని మీద అప్పీలు రాయించుకుని తెచ్చాడు. నా బల్లముందు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

"బాంచెను సారూ, ఇయ్యాల్నే ముద్దర గొట్టి ఓ చిట్టీ ఇయ్యిండ్రి. రేపటితోటి గడువైపోతదని వకీలు సాబు చెప్పిండు."

నేను ముద్ర చేతిలోకి తీసుకున్నాను. పక్క బల్లనుంచి మా పెద్ద గుమాస్తా ఆపాడు. "నెలాఖరు లెక్క కట్టేసినం. ఇప్పుడు నంబరేస్తే పెండింగు పెరుగుతది. ఒకటో తారీఖు దాటినంక ఎక్కియ్యి." ఆయన చెడ్డవాడు కాదు. ఉర్దూలో పని నేర్చుకుని, నడివయసులో ఇంగ్లీషు డ్రాఫ్టులు రాయవలసి వచ్చి, ప్రతి నెలా పెండింగు జాబితా మీద సంజాయిషీ ఇచ్చుకుంటూ వచ్చినవాడు. నేను ముద్ర కింద పెట్టాను.

"కాయితం ముట్టింది తాతా. నువ్వు పో, నేనున్న గద" అన్నాను.

ఆయన నమ్మాడు. మరునాడు పైనుంచి తనిఖీ వచ్చింది, ఆ మరునాడు తనిఖీకి జవాబులు రాశాం. మూడోనాడు కట్ట విప్పి అన్నిటికీ కలిపి ముద్ర కొట్టాను. ముద్రలో తేదీ మూడు.

కొన్ని నెలలకు ఆ అప్పీలు పేషీకి వచ్చింది. అవతలి పక్షం భూస్వామి వకీలు మొదటి మాటగా గడువు దాటిందన్నాడు. ఆవక్ రిజిస్టరు తెమ్మన్నారు. నేనే మోసుకెళ్ళాను. పుస్తకం విప్పి చూపించాను. మూడో తారీఖు, నా చేతిరాత. ముసలాయన నావైపు తిరిగి, "గా దినం నేనొచ్చిన గద సారూ" అన్నాడు, అంతే. గట్టిగా కూడా అనలేదు. నాకు ఉద్యోగం వచ్చి నాలుగేళ్లయింది, ఇంటి దగ్గర తమ్ముడి చదువుంది. నేను నోరు విప్పలేదు. రిజిస్టరే సాక్ష్యం చెప్పింది.

అప్పీలును తోసిపుచ్చుతూ ఉత్తరువు ఇంగ్లీషులో తయారైంది. జావక్‌లో నంబరు వేసిందీ నేనే. పది రోజులకు ఆయన ఆ కాగితం పట్టుకుని మళ్ళీ నా దగ్గరికే వచ్చి, "సదివి చెప్పు సారూ" అన్నాడు. ఆయన అర్జీ తెలుగులో వుంది. మా జవాబు ఆయనకు రాని భాషలో వుంది. 1966లోనే తెలుగును అధికారభాషగా ప్రకటించిన చట్టం వచ్చింది, అయినా ఆవక్ తెలుగుగానూ జావక్ ఇంగ్లీషుగానూ మిగిలిపోయాయి. గడువు దాటినందున అప్పీలు విచారించలేదని నేను తెలుగులో చెప్పాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తలపాగలో దోపుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

దీన్ని వ్యక్తిగత పశ్చాత్తాపంగా చెప్పి వూరుకుంటే విషయం సగంలో ఆగిపోతుంది. ఆనాడు ఆ బల్ల దగ్గర నాకన్నా ధైర్యస్తుడు వుంటే ఏమయ్యేదన్నది ఒక ప్రశ్న. ఆ పద్ధతి ధైర్యస్తుణ్ణి ఎన్నాళ్ళు వుండనిస్తుందన్నది ఇంకొక ప్రశ్న. పెండింగు లెక్కలో చేరేవి నంబరు పడిన కాగితాలు మాత్రమే. అందువల్ల పెండింగు తగ్గించడానికి రెండు మార్గాలున్నాయి. కాగితం మీద పని పూర్తిచెయ్యడం మొదటిది. అసలు నంబరే వెయ్యకపోవడం రెండోది. మొదటిదానికి మనుషులు కావాలి, వ్యవధి కావాలి, పైవాడి నిర్ణయం కావాలి. రెండోదానికి బల్ల సొరుగు చాలు. ఇంకా మధ్యేమార్గాలూ వున్నాయి. వివరాలు చాలవని అసలు కాగితాన్నే తిప్పి పంపి ఎన్.డిస్. అని ముగించవచ్చు. ఇప్పట్లో పనిలేదని కాల్‌బుక్కులోకి మార్చవచ్చు. పది అర్జీలను ఒకే పాత ఫైలుకు కలిపేసి ఒక్కటిగా చూపవచ్చు. కాగితం దారి తప్పకుండా కనిపెట్టిన పద్ధతి, కాగితాన్ని దారిలోకి రానివ్వకుండా చెయ్యడానికి ఇలా ఉపయోగపడింది. గుమాస్తా పనిని పెండింగు అంకెతో కొలిచినంతకాలం అర్జీదారుడు ఆ గుమాస్తాకు శత్రువుగానే కనిపిస్తాడు. ఒకే వర్గం నుంచి వచ్చిన ఇద్దరిని ఒక బల్లకు అటూ ఇటూ నిలబెట్టి తగువు పెట్టడం ఈ ఏర్పాటులోని అసలు రహస్యం.

మన సాహిత్యం గుమాస్తా మీద జాలి చూపింది. గొగోల్ 1842లో ప్రచురించిన ఓవర్‌కోటు కథలో కాగితాలకు నకళ్ళు రాసే చిరుద్యోగిని చూసి మన తరం కన్నీరు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. కాని ఆ గుమాస్తా బల్లకు అవతల నిలబడ్డవాడి కథ మనం ఎన్నిసార్లు రాశాం? మా వుద్యోగ సంఘాలు జీతం, కరువుభత్యం, పదోన్నతుల కోసం పోరాడాయి. అవి న్యాయమైన పోరాటాలే. 2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె జరిగినప్పుడు ఆవక్ పుస్తకంలో ఒక్క వరస కూడా పడలేదు. అందులో నేనూ వున్నాను, అందుకు గర్విస్తాను. కాని సమ్మె ముగిసి లోపలికి వెళ్ళి, గుట్టపడిన తపాలు ముందు కూర్చున్నప్పుడు మేం మొదట ఏరి నంబరు వేసింది సచివాలయం కవర్లకే. మా కోసం రోడ్డెక్కిన పల్లెజనం అర్జీలు మళ్ళీ అడుగుకే పోయాయి. ఈ విమర్శ నేను బయటినుంచి చెయ్యడం లేదు.

2016 అక్టోబరులో వరంగల్ జిల్లా అయిదు జిల్లాలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2019లో ములుగు విడిగా ఏర్పడింది. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది. పాలనాసౌలభ్యం మంచి మాటే. కాని కలెక్టర్, వరంగల్ అని చిరునామా రాసిన అర్జీ ఏ బల్లకు చేరాలి? తపాలా శాఖ హనుమకొండకు 506001, వరంగల్‌కు 506002 అని విడిగా అంకెలు ఇచ్చుకుంది గాని, మొన్నటిదాకా ఒకే జిల్లాగా వున్న పల్లె రైతుకు ఆ తేడాతో పనిలేకపోయింది. ఫైళ్ళు పంచుకున్నారు, ముద్రలు మార్చారు. పాత ఆవక్ నంబరు చూపిస్తే కొత్త కార్యాలయం అది మాది కాదనవచ్చు, పాత కార్యాలయం అది పంపేశామనవచ్చు. మధ్యలో నిలబడేది అర్జీదారుడే. నేను ఆ ఏడాది చివరనే పదవీ విరమణ చేశాను. చివరి నెలల్లో నేను చేసిన పని ఎక్కువభాగం ఇదే, ఎవరి కాగితం ఎవరిదో జాబితాలు కట్టడం.

ఈ బల్ల దగ్గర ప్రజలు గెలిచింది ఏమీ లేదా అంటే వుంది. 2005 నాటి సమాచారహక్కు చట్టాన్ని నేను ఆవక్ గుమాస్తా కళ్ళతో చూస్తాను. దరఖాస్తు అందిన నాటి నుంచి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. కార్యాలయం తప్పు వచ్చినా తిప్పి కొట్టరాదు, అయిదు రోజుల్లో సరైనచోటికి పంపాలి. స్థానిక అధికారభాషలో రాయవచ్చు. రాయడం రానివాడు నోటితో చెబితే అధికారే రాసుకోవడానికి సాయపడాలి. ఈ నియమాలన్నీ అందిన తేదీ అనే ఒక్క మేకుకు వేలాడుతున్నాయి. ఆవక్ ముద్ర కార్యాలయం సౌకర్యం కోసం కాక ప్రజల హక్కు కోసం లెక్కకు రావడం ఆ చట్టంతో స్పష్టమైంది. ఆ ముసలాయన నన్ను అడిగిన చిట్టీయే ఇరవై ఏళ్ళ తర్వాత చట్టంగా వచ్చింది.

ఇక నేటి పరిస్థితి. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇస్తే రసీదు వస్తుంది. కంప్యూటరులో పంపితే యంత్రమే క్షణంలో నంబరు ఇస్తుంది; ఏ పెద్ద గుమాస్తా దాన్ని ఆపలేడు. ఇది పురోగమనమే, సందేహం లేదు. అయితే సొరుగు పోయిందనుకోవడం పొరపాటు. సొరుగు చోటు మారింది. నంబరు వేయకపోవడం సాధ్యంకానప్పుడు, నంబరును త్వరగా మూసెయ్యడం కొత్త నేర్పు అయింది. సంబంధిత అధికారికి పంపడమైనదన్న ఒక్క వాక్యంతో అర్జీ పరిష్కారమైనట్టు లెక్కలో చేరుతుంది. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినప్పుడు భూమి దరఖాస్తుకు తెరమీది గడులే దారి అయ్యాయి. తన కష్టం ఆ గడుల్లో ఇమడనివాడికి ఆవక్ బల్లే లేకుండా పోయింది. 2025లో భూభారతి చట్టం తెచ్చి, గ్రామాల్లో రెవెన్యూ సదస్సులు పెట్టి మళ్ళీ చేతికి కాగితం తీసుకోవలసి వచ్చింది. అదే ఏడాది రిజిస్టరు పోస్టు స్పీడు పోస్టులో కలిసిపోయింది. పల్లెలో రిజిస్టరు చేసిన అంటే ఇక ఎవరూ కాదనలేరని అర్థం. బల్ల దగ్గర రసీదు దొరకనివాడికి ఆ అందుకోలు కార్డే సొంత ఆవక్ పుస్తకంగా వుండేది. ఆ మాట మెల్లగా మాయమవుతుంది. ఆ ధీమా మాయం కాకుండా చూడవలసింది మనం.

ఈ పత్రిక చదివే విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నేను చెప్పదలచుకున్నది ఇంతే. భూమి కోసం, కూలి కోసం జరిగే పోరాటాల్లో ఈ బల్ల చిన్న విషయంగా కనబడుతుంది. కాని ఆ పోరాటాల్లో గెలిచిన చట్టాలన్నీ చివరకు ఈ బల్ల మీదుగానే పల్లెకు చేరాలి. కాగితం ఇచ్చిన గంటలో ఇచ్చినవాడి చేతిలో నంబరు పడాలి. అర్జీ ఏ భాషలో వస్తే జవాబు ఆ భాషలో పోవాలి. పెండింగు ఎక్కువ చూపిన గుమాస్తాను కాక, పెండింగు దాచిన కార్యాలయాన్ని సంజాయిషీ అడగాలి. ఇవి పెద్ద కోరికలు కావు. అయినా ఎవరో ఒకరు వెంటపడి అడగకపోతే ఇవి రావు.

వెనకటి కచ్చేరీ గుమ్మంలో డబ్బు తీసుకుని అర్జీలు రాసేవాడు కూర్చునేవాడు. ఆ చోట ఇప్పుడు మన రచయితలు, మన విద్యార్థులు వారానికొక రోజు ఉచితంగా కూర్చోవాలని నా కోరిక. సోమవారం ప్రజావాణి గుమ్మం దగ్గర ఒక చాప చాలు. ఎదుటివాడి కష్టాన్ని వాడి మాటల్లోనే రాసి, రసీదు చేతికి వచ్చేదాకా పక్కన నిలబడటం అభ్యుదయ రచయితకు తక్కువ పని కాదు. నేను రెండేళ్లుగా కూర్చుంటున్నాను. రాసిన ప్రతి అర్జీ తేదీ, నంబరు ఒక నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను. జవాబు రానివాటి పక్కన గడి ఖాళీగా వదిలిపెడుతున్నాను. ఖాళీ గడులే ఎక్కువ. వాటి కోసం తిరగడానికి నాకు మనుషులు కావాలి.